వెనక గోడ దగ్గర సిగ్నల్

నేలమాళిగలోని కోల్డ్ స్టోరేజీకి అతను కాపలా. రోజూ అతని ఫోను జేబులో వేడెక్కి, తెల్లారేలోపే చచ్చేది.

“నేల కింద సిగ్నల్ అందదుగా బావా. టవర్ని వెతికి వెతికి చార్జింగ్ తాగేస్తుంది. ఆ వేడి వెతుకులాటదే. దొరికిందా, చల్లబడి పడుంటుంది,” అన్నాడు ఫోన్లు బాగుచేసే బావమరిది.

ఈ రాత్రి మూడైనా చార్జింగ్ తొంభై తొమ్మిది దగ్గరే ఉంది. ఫోను చల్లగా ఉంది. సిగ్నల్ గీతలు నాలుగూ నిండి ఉన్నాయి.

ఇదేం విడ్డూరమని ఫోను పట్టుకుని నడిచాడు. మెట్ల వైపు వెళ్తే గీతలు తగ్గాయి. వెనక గోడ దగ్గర మళ్లీ నిండాయి. ఆ గోడ అవతల మట్టి తప్ప ఏమీ లేదు.

కంప్రెసర్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో గోడకి అరచెయ్యి ఆనించాడు. మంచు పట్టాల్సిన గోడ, రోజూ జేబులో ఫోను కాలినట్టే కాలుతోంది.

అతను చెయ్యి తియ్యకముందే, గోడ మెల్లగా చల్లబడింది.