టోపీ దొర జావ

ఆ మనిషి నోట్లోంచి జావ మళ్లీ గిన్నెలోకే జారింది.

దాన్నే వేళ్లతో ఎత్తి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

పొయ్యి దగ్గరున్న పైడితల్లి మొహం తిప్పుకుంది.

రంగూన్‌లో బోటాటౌంగ్ రేవుకి ఎదురుగా ఆమె కొట్టు. ఓడల్లో సరుకు దించే తెలుగు కూలీలు పొద్దున్నే అక్కడ మొక్కజొన్న నూక జావ తాగి పనిలోకి దిగుతారు. మొగుడు పోయాక ఆ బర్మా దేశంలో ఆమెకి మిగిలిన ఆధారం ఆ పొయ్యి, ఆ రెండు బల్లలే.

"అప్పా, ఈడినిక్కడ కూకోబెడితే మేం రాం," అన్నాడు కూలీ అచ్చెన్న పైడితల్లితో, తన గిన్నె పక్కకి నెట్టేస్తూ.

"ఏటి సేసినాడురా?"

"ఆ సొంగ సూడు. మేస్త్రీ పోలయ్య నిన్న సగంలో లెగిసిపోనాడు. ఇయ్యాల జట్టునంతా అవతలి కొట్టుకి తోలుకెళ్లిపోనాడు."

నిజమే. జట్టులోని ఎనిమిది మందీ రోడ్డుకి అటుపక్క కూర్చుని తాగుతున్నారు.

ఆ మనిషి నెల రోజులుగా వస్తున్నాడు. మెడకి గళ్ల తువ్వాలు. దాని కింద నుంచి చీము కంపు. ప్రతి గుక్కకీ మెడ సాచి, కళ్లు మూసుకుని మింగుతాడు. మింగినప్పుడల్లా బురదలోంచి కాలు లాగినట్టు చప్పుడు. ఆపైన కొబ్బరి చిప్పలోకి ఉమ్ముతాడు. ఎర్రగా, తీగలు తీగలుగా.

మాట్లాడితే గొంతు రాదు. గాలి వస్తుంది.

"నూక ఇంకాస్త ఉడకాలమ్మా," అన్నాడు ఆ గాలితోనే.

పైడితల్లికి ఒళ్లు మండింది.

"నా జావకి వంకలెడతావేటి? ఇది టోపీ దొర జావ. రేవంతా తాగుతాది."

ఆ పేరు ఆమె పెట్టిందే. పజుండౌంగ్‌లో రేకుల షెడ్డు ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం అందులో బయస్కోపు. పెద్ద టోపీ పెట్టుకుని, గుర్రమెక్కి తుపాకీ పేల్చే అమెరికా దొరంటే కూలీలకి ప్రాణం. ఒక బొమ్మలో ఆ దొర ఓ ముసలామె గుడిసెలోకి వచ్చి, మొక్కజొన్న పొత్తుల పక్కనున్న కుండకేసి చెయ్యి చూపిస్తాడు.

"అమ్మా, మన ఊరి మొక్కజొన్న జావ. ఇది తాగి ఎన్నేళ్లయిందమ్మా. కాసింత ఉప్పెయ్యి," అంటాడు.

బొమ్మకి నోరు లేదని, తెర వెనక ఎవరో రేకు గొట్టంలో చెబుతారని ఆమెకి తెలుసు. తెలిసినా, ఆ 'అమ్మా' వినబడగానే కొంగు కళ్లకి పోయేది. మొదటిసారి విన్న మర్నాడే నూక కొని జావ కాచింది. కొట్టు నిలబడింది అప్పట్నుంచే.

"ఆ దొర ఎలా తాగుతాడో ఎప్పుడైనా సూసినావేటి?" అంది. "సుక్క మూతికంటదు. ఆడూ మనిషే, నువ్వూ మనిషివే."

ఆ మనిషి నవ్వాడు. పెదాల మధ్య జావ బుడగలు లేచి పగిలాయి.

ఇక ఆమె ఓర్చుకోలేకపోయింది. గిన్నె లాక్కుని జావ కాలవలో కుమ్మరించింది.

"రేపట్నుంచి నా గుమ్మం తొక్కకు. ఇంకెక్కడైనా ఏదైనా తిను."

"ఇంకేదీ దిగదమ్మా."

"దిగకపోతే మానీ."

అతను లేచాడు. చిప్ప పట్టుకుని గోడ వారగా వెళ్లిపోయాడు.

ఆ గిన్నె ఆమె కడగలేదు. పుల్లతో ఎత్తి పారేసింది. బల్లని బూడిదతో రెండుసార్లు తోమింది. మూడో రోజుకి పోలయ్య జట్టు తిరిగి వచ్చింది.

వానలకి రేకులెగిరిపోయి రెండు నెలలుగా మూతపడ్డ బయస్కోపు ఆ పై ఆదివారమే మళ్లీ తెరిచారు. మొదట వేసింది ఆ బొమ్మే. పైడితల్లి ముందు చాప మీద కూర్చుంది.

దొర గుడిసెలోకి వచ్చాడు. కుండకేసి చెయ్యి చూపించాడు.

తెర వెనక కొత్త గొంతు, పంతులు పాఠం చెప్పినట్టు పలికింది.

"ఓసి ముసలిదానా, ఆ మొక్కజొన్న జావ ఇటు పెట్టు. పెట్టలేదా, నీ కొంప తగలబెడతాను."

చాపల మీది కూలీలు తెర వెనక్కి తొంగి చూశారు.

తెర మీద దొర ఆబగా తాగుతున్నాడు. మూతి నిండా జావ. గడ్డం మీద నుంచి కారుతోంది. ముసలామె చేతులు వణుకుతున్నాయి. అవి ఎప్పుడూ వణికేవే. ఇన్నాళ్లూ అది సంతోషమనుకుంది పైడితల్లి.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది.

గుమ్మం దగ్గర టికెట్లు చింపే వీరన్న చుట్ట కాలుస్తున్నాడు.

"ఏటి వీరన్నా, దొర సేత అలాటి మాటలు అనిపిస్తన్నారు?"

"కొత్తోడు సదువుకున్నోడప్పా. తెర మీద ఇంగిలీసులో ఏటి రాసుంటే అదే సెప్తాడు."

"మరి పాతాయన?"

"ఆడికి ఇంగిలీసు ముక్క రాదు. బొమ్మ సూసి, తనకి తోసింది సెప్పీవోడు. ఐదేళ్లు సెప్పినాడు, గొంతు పోయిందాకా."

"ఆయన్నే పిలిపించండి. కూలీలంతా అడుగుతన్నారని సెప్పు."

వీరన్న చుట్ట నోట్లోంచి తీశాడు.

"మొన్న మంగళారం పోనాడు," అన్నాడు. "గొంతులో పుండప్పా, జావ తప్ప ఏటీ దిగీది కాదు, రోజూ నీ కొట్టులోనే తాగుతన్నానని సెప్పీవోడు, నువ్వెరగవా?"