చేపల చూపు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మెదక్‌లో పొద్దుగూకితే కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. బడి మూతపడి ఇంటిపట్టునే ఉంటున్న శశిధర్ సారు, తన అద్దాల తొట్టిలోకి రెండు కొత్త సిక్లిడ్ చేపలు తెచ్చాడు. అందులో ముందే ఉన్న పాత సిక్లిడ్‌కి పరాయి చేప కనబడితే చాలు, మీదపడి చీల్చేస్తుంది. చీకట్లో వదిలితే కొట్లాడవని దుకాణమాయన చెప్పాడు.

ఆ రాత్రి కరెంటు పోగానే వాటిని వదిలాడు. తొట్టిలోకి గాలి పంపే మోటరు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది.

"ఇంకా పండుకోవా?" లోపలి గదిలోంచి భార్య సృజన అడిగింది.

"పాతది కొరుకుతదేమో, జర సేపు సూసి వస్త. పాప లేస్తది, నువ్వు పండుకో."

కాసేపటికి టార్చి వేసి చూశాడు. కొట్లాట లేదు. మూడు చేపలూ ఒకే మూలకు ఒదిగి, ఒకదాన్నొకటి ఆనుకుని, ఆయన వెనకున్న వీధి తలుపునే చూస్తున్నాయి. తలుపు గడియ వేసే ఉంది.

అంతలో, గదిలో నడుస్తున్న మనిషిని గమనిస్తున్నట్టు మూడూ కలిసి మెల్లగా తిరగసాగాయి. వాటి చూపు తలుపు దగ్గర్నుంచి ఆయన కూర్చున్న కుర్చీ దాకా, అక్కణ్ణుంచి లోపలి గది దాకా సాగి ఆగింది. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

శశిధర్ కుర్చీలోంచే టార్చిని లోపలి గది గుమ్మం మీదికి తిప్పాడు. అక్కడ ఎవరూ కనబడలేదు.

గదిలోంచి నిద్రమత్తుగా సృజన మాట వినిపించింది.

"వచ్చినవా? గట్ల పాప నెత్తి కాడ నిలబడ్డవేంది?"