ఎనిమిది కళ్ళ చేప

పెళ్ళివారు వాగు దాటారని తెలియగానే తొమె పొయ్యి మీది కుండ దించి, పెరట్లో మంచు తవ్వి పూడ్చేసింది.

కుండలో ఉన్నది ఎనిమిది కళ్ళ చేప. పేరుకే ఎనిమిది. పక్కకో కన్ను, దాని వెనక ఏడు చిల్లులు, దవడే లేని గుండ్రటి నోరు. అకిత కొండల్లో దాన్ని రుచి కోసం ఎవరూ తినరు. అది రేచీకటికి మందు. ఆ చేప ఉడికిన ఇంట్లో ఎవరికో పొద్దు వాలితే చూపు ఆనదని ఊరంతా గ్రహించేస్తుంది.

తొమె కూతురు మిసావోకు ఆనదు. ఆ సంగతి పొక్కే రెండు సంబంధాలు తప్పిపోయాయి.

“వాళ్ళను వెలుగుండగానే సాగనంపేస్తాను. నువ్వు టీ ఇవ్వు, చాలు. నీ చేతి టీ తాగాడంటే ఒప్పుకున్నట్టే,” అంది తొమె.

పెళ్ళికొడుకు గింజిరో వస్తూనే ముక్కు ఎగబీల్చాడు. “అబ్బ! ఎరిగిన వాసనే!”

తొమె గబుక్కున అందుకుంది. “వాలుగ బాబూ, ఉట్టి వాలుగ!”

గింజిరో తల్లి కొడుకు మోకాలి మీద ఒక్కటి చరిచింది. “తిండి ధ్యాస తప్ప ఇంకోటి లేదు వీడికి! వదినగారూ, చీకటి పడకముందే వెళ్ళాలి మేం. దారంతా మంచు.”

ఎంత మంచి మనిషో అనుకుంది తొమె.

కానీ సంబంధం తెచ్చిన కుమె నోరు మూస్తేనా! తను కుదిర్చిన పెళ్ళిళ్ళన్నీ ఏకరువు పెట్టింది. తొమె దగ్గింది. పెళ్ళికొడుకు తల్లీ దగ్గింది. కుమె ఆగలేదు. కొండ వెనక పొద్దు వాలిపోయింది.

“అయ్యో నా మతి మండ, టీ సంగతే మరిచాను! అమ్మాయ్, తీసుకురా!” అని కేకేసింది కుమె.

తొమె కిరసనాయిలు దీపం వెలిగించింది. ఆ గుడ్డి దీపం మిసావోకు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మిసావో తలొంచుకుని వచ్చింది. పెళ్ళికొడుకును దాటి, మూలనున్న బియ్యం పెట్టె ముందు మోకరిల్లి, “తీసుకోండి,” అని కప్పు అందించింది.

తొమెకు ఏడుపొక్కటే తక్కువ. ఈ సంబంధమూ మంటగలిసింది! కుమె నోరు కూడా మూతపడింది.

అప్పుడు గింజిరో ఎదురుగా ఉన్న స్తంభానికి వినయంగా తల వంచి, “ఇలా ఇవ్వండి మిసావో గారూ,” అంటూ రెండు చేతులూ చాచాడు.