కోటిపల్లి రేవు దాటిన సిలిండరు

సిలిండరు గుమ్మం దాటి లోపలికి రాగానే పక్కింటి జ్ఞానమ్మ ఏడుపు అందుకుంది.

ఆవిడ తప్పేం లేదు. ఆ వీధికి ఆక్సిజన్ ఇంతకుముందు ఒక్కసారే వచ్చింది. అది వచ్చిన ఇంటి ముసలాయన మర్నాడే పోయాడు.

"మేస్టారికి అంతవరకూ వచ్చేసిందా, విజయా?" అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తలనొప్పికండి, పిన్నిగారూ. కాకినాడ డాక్టరుగారు పెట్టమన్నారు."

"తలనొప్పికి గాలి పెడతారా ఎక్కడైనా? నా దగ్గర దాస్తావేంటమ్మా," అని జ్ఞానమ్మ కొవ్వొత్తి వెలిగించి పాటల పుస్తకం తెరిచింది.

విజయకుమారికి వాదించే ఓపిక లేదు. పొద్దున్నే బయల్దేరి కాకినాడ వెళ్ళి, బస్సులు మారి, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటి ఇప్పుడే ఇల్లు చేరింది.

ఆమె భర్త వరప్రసాదం అమలాపురంలో లెక్కల మేస్టారు. ఏటా ఎండలు ముదరగానే అతనికి ఆ నొప్పి వస్తుంది. రోజూ సరిగ్గా నాలుగు గంటలకి ఎడమ కంటి వెనక గునపం దిగినట్టుంటుంది. గంటసేపు కూర్చోలేడు, పడుకోలేడు, గోడకేసి తల కొట్టుకుంటాడు.

ఈ ఏడు నొప్పి తగ్గాక కూడా బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తున్నాడు. ఆ భయమే ఆమెని కాకినాడ పరిగెత్తించింది. సిగ్గు విడిచి, నలుగురూ వింటుండగా, సిలిండర్ల షాపులో ఆ బావి సంగతి కూడా చెప్పుకుంది.

"వచ్చే నెల దాకా లేవండి. ఉన్న ఒక్కటీ ఇందాకే ఇచ్చేశాం," అని గుమాస్తా డాక్టరు చీటీ వెనక్కి ఇచ్చేశాడు.

ఆమె మెట్లు దిగి నాలుగడుగులు వేసిందో లేదో, ఖాకీ చొక్కా మనిషి ఒకడు సిలిండరు భుజాన వేసుకుని వెనకాలే వచ్చాడు.

"పదండమ్మగారూ. ఏ ఊరండి?"

గుమాస్తా మనసు మారి పనివాణ్ణి పంపాడనుకుంది విజయకుమారి. దారిలో పేరడిగితే సత్తియ్య అన్నాడు, డబ్బులడిగితే తర్వాత చూద్దామన్నాడు. అంతకుమించి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి నాలుగు కావస్తోంది. వరప్రసాదం అప్పటికే గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. జ్ఞానమ్మ అతన్ని పట్టి కూర్చోబెట్టి, దోసెడు కొబ్బరినూనె నడినెత్తిన పోసి మర్దనా మొదలెట్టింది.

"అమ్మా, ముందా కొవ్వొత్తి ఆర్పేయండి," అన్నాడు సత్తియ్య. "ఆ నూనె కూడా కడిగెయ్యాలండి. మేస్టారి తలకీ, మీ చేతులకీ. దీని దగ్గర నూనె ఉంటే భగ్గుమంటుందండి."

జ్ఞానమ్మ మొహం మాడ్చుకుంది. కోనసీమలో తలనొప్పికి కొబ్బరినూనె వద్దన్న మొదటి మగాడు ఇతనే అయ్యుంటాడు.

విజయకుమారి భర్త తల సబ్బుపెట్టి రుద్దింది. సత్తియ్య తన చేతులు రెండుసార్లు కడుక్కుని, గొట్టం తగిలించి, మాస్కు మేస్టారి మొహానికి పెట్టాడు.

"పడుకోకూడదండి మేస్టారూ. కూర్చుని ముందుకి వంగండి. నిండుగా పీల్చండి. ఎడం పక్కేనాండి? కనుబొమ్మ మీంచి దవడకి దిగుతుందాండి?"

వరప్రసాదం తలూపాడు.

షాపులో పనిచేస్తే సగం డాక్టరీ వచ్చేస్తుంది కాబోలు అనుకుంది విజయకుమారి.

పావుగంట గడిచింది. వరప్రసాదం మాస్కు తీసి భార్య కేసి చూశాడు.

"తగ్గిపోయింది," అన్నాడు.

ఆమె అక్కడే నేలమీద కూలబడి, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆరేళ్ళలో ఆ నొప్పి గంటకి ముందు తగ్గడం అదే మొదలు.

కళ్ళు తుడుచుకుని చూస్తే సత్తియ్య గదిలో లేడు. దొడ్లో కొబ్బరిచెట్టుకి నుదురు ఆనించి ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఒక కన్ను ఎర్రబడి ఉంది, రెప్ప సగం వాలిపోయింది.

"తాగేడు," అంది జ్ఞానమ్మ. కొబ్బరినూనె కసి ఆవిడకింకా తీరలేదు.

వాసనయితే రావడం లేదు. కానీ విజయకుమారికి ఆలోచించే ఓపిక కూడా లేదు. పొద్దుటినుంచి పడ్డ అలసటంతా కోపమై అతని మీదికి పోయింది.

"ఏమయ్యా, రోగమున్న ఇంటికి ఇలాగేనా రావడం? మీ షాపుకి ఉత్తరం రాస్తాను. ముందు వెళ్ళు ఇక్కణ్ణించి."

అతను చెట్టుకి ఆనించిన నుదురు ఎత్తాడు.

"ఆయ్, వెళ్తానండి. తాళంచెవి సిలిండరుకే కట్టేనండి. మెల్లిగా తిప్పండి," అని గోడ పట్టుకుని వీధిలోకి నడిచాడు. మంచినీళ్ళు అతను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

సిలిండరు పన్నెండు రోజులు వచ్చింది. ఆలోగా నొప్పి ఆ ఏటికి తన దారిన తను పోయింది. వరప్రసాదం బావి వైపు వెళ్ళడం మానేసి పరీక్ష పేపర్లు ముందేసుకున్నాడు.

"ఆ సత్తియ్యకి పంచెల చాపు పెట్టి రా," అన్నాడొకనాడు భార్యతో. "తాగితే తాగాడు. నా ప్రాణం నిలబెట్టాడు."

ఆమెకీ అతన్ని ఆ మాటలు అన్నప్పటినుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. కూలీచేత ఖాళీ సిలిండరు మోయించుకుని, కొత్త పంచెలు సంచిలో పెట్టుకుని మళ్ళీ కాకినాడ వెళ్ళింది.

"సత్తియ్యని ఒకసారి పిలవండి," అంది గుమాస్తాతో.

గుమాస్తా ఖాళీ సిలిండరు మీద నంబరు చూసి కలం కింద పెట్టాడు.

"సత్తియ్యగారు పోయేరండి. పదిరోజులైంది. కోటిపల్లి రేవులో గోదాట్లో దిగిపోయేరంటండి."

విజయకుమారి బయటికి తీసిన పంచెలు మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"అయ్యో. తాగుడు ఎంత పని చేసిందండీ," అంది. "మీకు మంచి పనివాడు."

"ఆయన మా పనివాడు కాదమ్మా, తాగుడూ లేదు," అన్నాడు గుమాస్తా. "మీ మేస్టారికున్న నొప్పే ఆయనకీ ఉంది, మూడు నెలలు మా చుట్టూ తిరిగి, ఆ రోజు మీరొచ్చే అరగంట ముందు ఆయన తనకోసం తీసుకున్న సిలిండరండీ అది."