దోమలు అలిగిన ఇల్లు

"నమ్మలేకపోతున్నానమ్మా!" అన్నాడు దోమల ఇన్‌స్పెక్టరు. కిటికీ కింద నల్ల కప్పులోంచి చెక్కపుల్ల పైకి తీసి, ఎండకు తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఈసారీ ఒక్క గుడ్డు లేదు."

"లేకపోతే మంచిదేగా సార్?" అంది కోడలు.

"మంచిదే. ఎలా అనేదే నా బాధ."

వీధిలో ఇంటింటికీ అలాంటి కప్పే ఇచ్చాడాయన. అందులో నీళ్లు చూసి డెంగీ దోమ వస్తుంది. పుల్ల మీద నల్ల చుక్కల్లా గుడ్లు పెట్టిపోతుంది. వారం వారం ఆయనొచ్చి లెక్క చూసుకుంటాడు. ఏ ఇంట్లో గుడ్లుంటే ఆ ఇంటికి పొగ మిషను వస్తుంది.

పక్కింటి పుల్ల నువ్వులు అద్దినట్టుంది. ఆ ఇంటి టీచరమ్మ డెంగీతో ఆసుపత్రిలో పడుకునుంది. రెండిళ్లకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ.

"గోడ దాటలేక రాలేదా, మీ మీద అలిగి రాలేదా ఈ దోమలు?"

కోడలి ముఖం వెలిగిపోయింది. "నేను ఎక్కడా నీళ్లు నిలవనివ్వను సార్. బకెట్లు బోర్లించేస్తా. కుండీల కింద పళ్లాలు రోజూ తుడిచేస్తా."

వంటింటి గుమ్మంలో, మనవరాలిని చంకనేసుకుని అత్తగారు నిలబడి ఉంది. కోడలు బట్టలారేస్తే వంకర, కూర తరిగితే లావు అనే మనిషి. ఇవాళెందుకో ఆ పుల్ల వంకే చూస్తోంది.

ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరికెళ్లి పొగ మిషనువాళ్లని కేకేశాడు. "ఈ ఇల్లు వదిలేయండయ్యా! ఇక్కడ దోమే లేదు. పక్క వీధికి పదండి." కోడలి వైపు తిరిగి, "మిమ్మల్ని చూసి అందరూ నేర్చుకోవాలమ్మా" అన్నాడు.

పొగ మిషను చప్పుడు దూరమైపోతోంది. పాప మోచేతి మీద దోమ వాలింది. అత్తగారు చటుక్కున విదిలించింది. ఇక ఆగలేకపోయింది.

"ఆగండి బాబూ! ఆ మిషన్ని వెనక్కి పిలవండి!"

"ఎందుకండీ? మీ ఇల్లు..."

"మా ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి! మీరొచ్చే రోజు పొద్దున్నే ఆ కప్పూ పుల్లా బ్రష్షుతో బరబరా రుద్ది, కొత్త నీళ్లు పోసి పెడుతున్నది నేనే."

ఇన్‌స్పెక్టరు పుల్ల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. నవ్వాలో తిట్టాలో తెలియక, ముందు మిషను వెనక పరిగెత్తాడు.

కోడలు తెల్లబోయింది. "ఇదేం పని అత్తయ్యా? ఎందుకు చేశారు?"

అత్తగారు మొహం అటు తిప్పుకుంది.

"నిన్ను అనడానికి నేనున్నాను. నా కోడలికి శుభ్రం లేదని బయటివాళ్లెవరో అంటే ఊరుకుంటానా?"