నాలుగు నిమిషాల్లో ఖాళీ

"నాలుగు నిమిషాలు. అంతకు ఒక్క సెకను దాటినా నీ సీట్లో ఇంకొకరుంటారు" అన్నాడు జనరల్ మేనేజరు.

మైకు బాబాయి తలూపాడు. ఆ అయిదంతస్తుల ఆఫీసులో ప్రకటనలు చదివేదీ, మధ్యమధ్య పాటలు వేసేదీ ఆయనే. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. ఈ వయసులో ఇంకో చోట రమ్మనేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మేనేజరుకూ తెలుసు.

"ఈ వారంలో నీకు నచ్చిన రోజు డ్రిల్లు పెట్టుకో. ముందుగా నాక్కూడా చెప్పకు. అందరూ నాలుగు నిమిషాల్లో బయటుండాలి."

కిందటి డ్రిల్లులో పదకొండు నిమిషాలు పట్టింది. అప్పటికీ సగం మంది కుర్చీల్లోంచి లేవలేదు.

తప్పు బాబాయిది కాదు, కొత్త స్పీకర్లది. పాత గంట పీకేసి, సీలింగు నిండా రెండు వందల పన్నెండు స్పీకర్లు బిగించారు. అన్నీ ఒకే కంప్యూటరుకు కలిపారు. కావాలంటే భవనమంతటికీ వినిపించవచ్చు, కావాలంటే ఒక్క అంతస్తుకే చెప్పవచ్చు. ప్రమాదమొస్తే నొక్కడానికి ఓ ఎర్ర మీట కూడా ఉంది. అది నొక్కితే ఓ ఆడగొంతు, "దయచేసి అందరూ భవనం ఖాళీ చేయండి" అని తేనె పూసినట్టు చెబుతుంది.

బిగించినవాళ్లు పరీక్ష పేరుతో ఆ మాటను వారం రోజులపాటు పూటకు ఇరవైసార్లు వినిపించారు. ఇప్పుడది వినబడితే జనం లేవడం మానేసి, గొంతు కలిపి పాడుతున్నారు.

బాబాయి రోజుకోసారి అన్ని అంతస్తులూ తిరిగి స్పీకర్లు చూసుకుంటాడు. బుధవారం పదకొండున్నరకు మూడో అంతస్తు చివర, పాత కాగితాల గదిదాకా వెళ్లాడు. తలుపు తీశాడు. మూశాడు. మెట్లు రెండేసి చొప్పున దిగి తన గదికొచ్చిపడ్డాడు. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకున్నాడు.

ఓ ఫోన్ చేసి రెండు ముక్కల్లో ముగించాడు. తర్వాత గేటు దగ్గరి గార్డుకు చేశాడు.

"తమ్ముడూ, లిఫ్టులు రెండూ కిందికి దించి ఆపెయ్. గేట్లు బార్లా తీసిపెట్టు."

"డ్రిల్లా బాబాయ్? చెప్పనే లేదే!"

"కబుర్లు తర్వాత. ముందు ఆ పని చూడు."

కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఎర్ర మీట జోలికి పోలేదు. ముందు మూడో అంతస్తు నొక్కాడు.

"మూడో అంతస్తు వారికి మనవి. పార్కింగులో లారీ వెనక్కొస్తూ ఓ తెల్ల కారును గుద్దింది. నంబరు సరిగ్గా కనబడటం లేదు."

మూడో అంతస్తులో అందరివీ తెల్ల కార్లే. కార్లు లేనివాళ్లు చూడ్డానికి బయల్దేరారు.

అయిదో అంతస్తు నొక్కాడు. "ఈ ఏడాది జీతాల పెంపు జాబితా గేటు పక్క బోర్డుకు అంటించారు. పది నిమిషాల్లో తీసేస్తారట."

అయిదో అంతస్తు చెప్పులు కూడా వేసుకోకుండా దిగింది.

నాలుగో అంతస్తు దొరగారిది. "జనరల్ మేనేజరు గారి మామగారు గేటు బయట నిలబడి ఉన్నారు. లోపలికి రానంటున్నారు. ముఖం కందగడ్డలా ఉంది."

మేనేజరు కోటు తొడుక్కుంటూ పరిగెత్తాడు. తమాషా పోతుందేమోనని నాలుగో అంతస్తంతా ఆయన వెనకే పరిగెత్తింది.

ఇక రెండో అంతస్తు, లెక్కల విభాగం. వాళ్ల సంగతి బాబాయికి బాగా తెలుసు. "రెండో అంతస్తు వారు దయచేసి సీట్లలోనే ఉండగలరు. తనిఖీ అధికారులు మీ దగ్గరికే వస్తున్నారు."

పెద్ద గుమాస్తాతో సహా ఒక్కడు మిగిలితే ఒట్టు.

మొదటి అంతస్తుకు ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. అంతమంది దిగుతుంటే కింద ఏం పంచుతున్నారోనని వాళ్లూ దిగారు.

బాబాయి ఒక్కో అంతస్తు కెమెరా చూశాడు. రెండోసారీ చూశాడు. ఎక్కడా పురుగు లేదు. అప్పుడు గది వదిలి, అందరికంటే ఆఖరున బయటికొచ్చాడు.

పార్కింగులో నాలుగొందల మంది భవనానికి వీపులు పెట్టి కార్లు తడుముకుంటున్నారు. ఏ కారుకూ గీత కూడా పడలేదు. బోర్డు ఖాళీ. మామగారి జాడ లేదు. గుట్టు బయటపడేసరికి తిట్లు మొదలయ్యాయి. లెక్కల విభాగం మాత్రం మాట్లాడలేదు.

మేనేజరు జనాన్ని తోసుకుంటూ వచ్చి బాబాయి ఎదురుగా నిలబడ్డాడు. ముఖం నిజంగానే కందగడ్డయింది.

"ఎంత పట్టింది?"

"మూడు నిమిషాల పది సెకన్లు సార్."

"నాలుగొందల మందికి నాలుగు అబద్ధాలు! ఉద్యోగం కోసం ఇంత పని చేస్తావా? దీన్ని డ్రిల్లంటారా? చెల్లదు. నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు."

బాబాయికి ఒక్కసారిగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భయం ఇప్పుడు వేసింది ఆయనకు. జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"చెల్లదు సార్, నిజమే."

"మరి ఎందుకు చేశావయ్యా?"

"డ్రిల్లు శుక్రవారానికి పెట్టుకున్నాను సార్" అంటూ మేనేజరు వీపు వెనక, మూడో అంతస్తు కిటికీల్లోంచి బుసబుసా తన్నుకొస్తున్న నల్లటి పొగను చూపించాడు మైకు బాబాయి.