కిటికీ పక్కన అక్క

ఆ పూట ఇంట్లో ఐదుగురున్నారు. సోఫాలో నాన్న, ఆయన ఎదురుగా కాలు మీద కాలేసుకుని మావయ్య, వంటింటి గుమ్మంలో అమ్మ, అమ్మ వెనక నక్కి చిన్నది. అందరికీ దూరంగా, కిటికీ పక్కన అక్క.

యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుతున్న అక్క ఉదయమే బస్సు దిగింది. చిన్నది పరుగెత్తుకెళ్ళి వాటేసుకోబోతే వెనక్కి జరిగి, “ఆగవే, ప్రయాణం చేసొచ్చాను,” అంది. మధ్యాహ్నం అందరితో కూర్చుని తినలేదు. కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. తల దువ్వుతానంటే అమ్మనూ వద్దంది.

“వాసన సబ్బు, కొత్త తువ్వాలు తీసిపెట్టాను. ముట్టుకుంటే ఒట్టు,” అమ్మ గొణిగింది.

“పెద్ద చదువులయ్యాక ఇంకా మనం కళ్ళకి ఆనుతామా?” అన్నాడు మావయ్య.

అక్కలాగే జీవశాస్త్రం చదవాలని చిన్నదాని ఆశ. కాలేజీ దరఖాస్తుకి ఆ రోజే ఆఖరు. నాన్న సంతకం ఇంకా కాలేదు. మావయ్య పడనివ్వడం లేదు.

“ఆ చదువుకి ఉద్యోగాలెక్కడున్నాయి బావా? కప్పల్ని కోసుకుంటూ, దోమల్ని తోలుకుంటూ కూర్చోవాలి.”

“తోలను మావయ్యా, పెంచుతాను,” అంది అక్క కిటికీ దగ్గర్నుంచే.

నాన్న నవ్వాపుకోలేకపోయాడు. “ఎందుకమ్మా, బయటున్నవి చాలట్లేదా?”

“ఒకే గదిలో పడుకున్నా దోమలు కొందరినే ఎక్కువ కుడతాయి. ఎందుకో తెలుసా నాన్నా? మన ఒంటి మీద కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ కాపురముంటాయి. వాటి వాసన పట్టుకునే దోమ వస్తుంది. ఆ గుట్టు తేలితే ఎన్ని జ్వరాలు ఆపొచ్చో. నాతో చదివినవాళ్ళలో ఒకళ్ళు టీకాలు చేసేచోట ఉన్నారు, ఒకళ్ళు ఆసుపత్రి ల్యాబులో. ఇంకొకావిడ చేపల జబ్బులు చూస్తోంది. ఎవరూ ఖాళీగా లేరు మావయ్యా.”

మావయ్య అంతటివాడు కాలు దించి సర్దుకుని కూర్చున్నాడు.

ఒకప్పుడు చుట్టాలొస్తే అక్కచెల్లెళ్ళిద్దరూ తలుపు చాటున దాక్కునేవాళ్ళు. ఆ అక్కేనా ఈ అక్క? చిన్నది రెప్ప వేయకుండా చూసింది.

“ఏమే, నువ్వూ నోరు విప్పు,” అన్నాడు మావయ్య చిన్నదాని వైపు తిరిగి. “ఇది చదివావంటే రేపు నువ్వూ ఇలాగే మమ్మల్ని దూరం పెడతావు.”

అక్క గబుక్కున తల దించుకుంది. అది చూసి చిన్నదాని మనసు చివుక్కుమంది. అయినా అమ్మ వెనకనుంచి ముందుకొచ్చింది.

“అక్క చదివిందే చదువుతాను.”

నాన్న దరఖాస్తు అందుకుని సంతకం పెట్టేశాడు.

అక్క లేచి తన గదికి వెళ్ళిపోయింది. చిన్నది ఉరుకుతూ వెనకే వెళ్ళింది. గుమ్మంలోనే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇప్పుడు కూడానా? నీకంత లోకువైపోయానా అక్కా?” చిన్నదాని కళ్ళ నిండా నీళ్ళు.

అక్క హాల్లోకి తొంగిచూసి గొంతు తగ్గించింది. “పిచ్చిదానా, మావయ్య చెవిన పడితే నీ సంతకానికి గండి కొడతాడని నోరు మెదపలేదే. రేపు ల్యాబులో నా ఒంటి మీది నమూనా ఇచ్చొచ్చాక నిన్ను వదిలితే అడుగు.”

“ఏం నమూనా?”

“నేను స్నానం చేసి వారమైందే,” అని తలుపు మూసేసింది.